నలభై ఏడో అధ్యాయం

డోర్నకల్‌లో పెదనాన్న వాళ్లింట్లో మొన్న కృతజ్ఞతా కూడిక జరిగింది. వాళ్ల చిన్నబ్బాయికి నాయబ్ తహసీల్దారు ఉద్యోగం వచ్చింది. వాకిట్లో షామియానా వేశారు, బిర్యానీ వండించారు, పాస్టరుగారు యోసేపు మీద వాక్యం చెప్పారు. అన్నలు తోసిన గోతిలోంచి పోతీఫరు ఇంటికి, అక్కణ్ణుంచి చెరసాలకు, చెరసాలలోంచి ఫరో రథం మీదికి. నమ్మకంగా ఉన్నవాణ్ణి దేవుడు పరాయి రాజు దగ్గర కూడా తలెత్తుకునేలా నిలబెడతాడన్నారు. అందరం ఆమెన్ అన్నాం. మా అక్క అనలేదు.

చుట్టాలు వెళ్లిపోయాక వసారాలో మాట మొదలైంది. పెదనాన్న రెవెన్యూ శాఖలో గుమస్తాగా చేరి ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆదివారం పొద్దున సండే స్కూలు మానలేదు. అక్క వరంగల్‌లో డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది. ఇద్దరికీ బైబిలంటే ప్రాణం, ఇద్దరూ దాన్ని చివరి వచనం దాకా చదివేవాళ్లే. అందుకే వాళ్ల వాదన రాసిపెట్టుకోవాలనిపించింది.

పెదనాన్న: ఆమెన్ ఎందుకనలేదమ్మా? పాస్టరుగారు కూడా గమనించారు.

అక్క: తమ్ముడికి ఉద్యోగం వచ్చిందని ఫోన్లో ఏడ్చినదాన్ని నేను. నాకు మింగుడుపడనిది వాక్యం. యోసేపు కథ ఎవరు చెప్పినా ఆదికాండం 41వ అధ్యాయంలో రథం ఎక్కిస్తారు, 45లో అన్నదమ్ముల్ని కలుపుతారు, 50లో క్షమించమంటారు. 47 మీద ప్రసంగం మీరెప్పుడైనా విన్నారా పెదనాన్నా?

పెదనాన్న: ముసలి యాకోబు వెళ్లి ఫరోను దీవించింది అందులోనే కదా. విన్నాను.

అక్క: అది పదో వచనం. పదమూడు నుంచి?

పెదనాన్న ఏమీ అనలేదు.

అక్క: నేను చెబుతాను, తప్పుంటే దిద్దండి. పంటలు పండిన ఏడేళ్లూ ఐదో వంతు తీయించి పట్టణాల్లో నిలవ చేయించాడు యోసేపు. కరువొచ్చాక ఆ ధాన్యాన్నే జనానికి అమ్మాడు. మొదట వాళ్ల వెండి అయిపోయింది. తర్వాత గుర్రాలు, గొర్రెలు, ఎద్దులు, గాడిదలు తోలుకొచ్చి ఇచ్చారు. మరుసటి ఏటికి మిగిలింది పొలమూ ఒళ్లూ. అవీ తీసుకోమన్నారు. దేశమంతా ఫరోదైంది, జనం ఫరోకు దాసులయ్యారు. యాజకుల భూములు మాత్రం వాళ్లకే ఉన్నాయి, ఫరో దగ్గర్నుంచి వాళ్లకు బత్తెం వచ్చేది కాబట్టి. యోసేపుకు పిల్లనిచ్చిన మామ ఓను పట్టణపు యాజకుడు. ఇదంతా దేవుని వాక్యమే. దీన్ని దాటేసి ఆమెన్ ఎలా అనను?

పెదనాన్న: నువ్వు కరువు చూడలేదు తల్లీ. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఎండిపోయిన చెరువులో నిలబడి పంటనష్టం రాశాను. బీటలువారిన చెలకలో కూర్చున్న మనిషి, పొలం ఎవరి పేర ఉంటే ఏమిటి సారూ, ముందు గింజలు ఇప్పించండి అన్నాడు. యోసేపు గోదాముల్లో నిలవ లేకపోతే ఐగుప్తులో దాసులూ మిగలరు, స్వతంత్రులూ మిగలరు. మా ప్రాణాలు నిలబెట్టావని వాళ్లే ఒప్పుకున్నారు. ఇంకోటి చూడు. విత్తనం తనిచ్చి, పండిన దాంట్లో నాలుగు వంతులు రైతుకే వదిలాడు. మన దగ్గర కౌలుకు సగపాలు కొలిచినవాళ్లెంతమంది! అక్బరు కాలంలో పన్ను పంటలో మూడో వంతు. ఐదో వంతు ఎక్కువా?

అక్క: ఐదో వంతు మాటెత్తడం లేదు నేను. ఆ ధాన్యం ఎవరి చేలో పండింది? జనం దగ్గర తీసుకున్నప్పుడు వెల కట్టాడో లేదో గ్రంథం చెప్పలేదు. జనానికి ఇచ్చినప్పుడు మాత్రం వెల కట్టాడు. అదే కరువులో తన అన్నల గోనెల్లో వాళ్ల డబ్బు వాళ్లకే తిరిగి పెట్టించాడు. తండ్రికీ అన్నదమ్ములకూ దేశంలో మంచి నేల ఇప్పించి, పిల్లల లెక్క చూసి ఆహారం పంపాడు. అది పన్నెండో వచనం. దాని కిందే, పదమూడులో, జనం ఆకలితో సొమ్మసిల్లుతున్నారు. రాసినవాడు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టాడు.

పెదనాన్న: కన్నతండ్రికి అన్నం పెట్టడం తప్పు చేశావా ఇప్పుడు?

అక్క: కాదు. తనవాళ్లకు ఊరికే, ఊళ్లోవాళ్లకు పొలం రాయించుకుని. దాన్ని మన ఆఫీసుల్లో ఏమంటారో నాకంటే మీకే బాగా తెలుసు.

ఆ మాట గుచ్చుకుంది. పెదనాన్న కుర్చీలో కాస్త ముందుకు జరిగారు. కోపం వస్తుందనుకున్నాను. ఆయన మాత్రం నెమ్మదిగా, తరగతిలో పిల్లలకు చెప్పినట్టు చెప్పారు.

పెదనాన్న: పదిహేడో ఏట ఇరవై తులాల వెండికి అమ్ముడుపోయిన పిల్లవాడమ్మా అతను. ఫరో ఎదుట నిలబడేనాటికి ముప్పై. పదమూడేళ్లు దాసుడిగా, ఖైదీగా బతికాడు. నూలుబట్ట కట్టించి, మెడలో బంగారు గొలుసు వేసి, వేలికి ఉంగరం తొడిగి, పేరే మార్చేసి కొత్త మనిషిని చేశాడు ఫరో. అప్పుడు పుట్టిన పెద్దకొడుక్కి మనష్షే అని పేరు పెట్టాడు, తండ్రి ఇంటిని మరిచిపోయేలా దేవుడు చేశాడని. మరిచిపోయాడా? అన్నల్ని చూసి ఒకటికి రెండుసార్లు పక్కకు వెళ్లి ఏడ్చాడు. నేను యోసేపును ఎందుకు ప్రేమిస్తానంటే, అంత ఎత్తు మీద కూర్చుని అంతగా ఏడ్చిన అధికారి ఇంకొకడు నాకు కనపడలేదు.

అక్క: నాకూ అతనంటే ప్రేమే పెదనాన్నా. అందుకే బాధ. అమ్ముడుపోవడం ఎలా ఉంటుందో తెలిసినవాడు దేశాన్ని మొత్తంగా కొన్నాడు. నాలుగాకులు తిప్పండి, నిర్గమకాండం మొదలు. యోసేపును ఎరగని కొత్త రాజు వస్తాడు. ఇశ్రాయేలీయుల చేత వెట్టి చేయించి పీతోము, రామెసేసు కట్టిస్తాడు. అవేం పట్టణాలు? ధాన్యం నిలవ చేసే పట్టణాలు. యోసేపు మనవల మనవలు ఇటుకలు మోసి కట్టింది గోదాములే.

పెదనాన్న: ఆ పాపం కొత్త రాజుది. దాన్ని యోసేపు నెత్తిన రుద్దకు.

అక్క: పాపం ఆ రాజుదే. కానీ రాజు జనాన్ని దాసుల్ని చేసుకోవచ్చన్న పద్ధతి అప్పటికే ఆ దేశంలో నడుస్తోంది. మొదట అది ఐగుప్తువాళ్లకు, తర్వాత మనవాళ్లకు.

పెదనాన్న చాలాసేపు ఆలోచించారు. ఆ తర్వాత చెప్పింది నాకు ఎప్పటికీ గుర్తుండిపోతుంది, ఎందుకంటే అది అక్క వాదానికి బలం అవుతుందని తెలిసే చెప్పారు.

పెదనాన్న: అయితే లేవీయకాండం 25 చూడు. భూమిని శాశ్వతంగా అమ్మకూడదు, అది దేవునిది. యాభయ్యో ఏడు రాగానే ఎవరి పొలం వాళ్లకు తిరిగిపోవాలి. చితికిపోయిన సోదరుణ్ణి బానిసగా చూడకూడదు. ఐగుప్తులోంచి బయటికొచ్చిన జనానికి ఇచ్చిన చట్టం అది. నీ నలభై ఏడుకు జవాబు దేవుడే ఇచ్చాడనుకుంటాను. ఇన్నేళ్లూ ఆ రెంటినీ కలిపి చదవలేదు నేను.

అక్క: పాస్టరుగారు ఇది చెప్పుంటే రెండుసార్లు ఆమెన్ అనేదాన్ని.

పెదనాన్న: సరే, యోసేపును కాసేపు పక్కన పెట్టు. దానియేలును ఏమంటావు? అతను ఎవరి పొలమూ రాయించుకోలేదు.

అక్క: దానియేలు సంగతికి ముందు ఒకటి అడుగుతాను. పరాయి రాజు మనవాణ్ణి పైకి ఎందుకు తెస్తాడు?

పెదనాన్న: దేవుడు దయ పుట్టిస్తాడు.

అక్క: అది విశ్వాసం చెప్పే జవాబు, కాదనను. చరిత్ర చెప్పేది కూడా వినండి. కొలువులో ఊరివాడికి చుట్టాలుంటారు, వర్గం ఉంటుంది, రేపు తిరగబడే బలం ఉంటుంది. పరాయివాడికి రాజు తప్ప దిక్కులేదు. యోసేపుకు, దానియేలుకు, నెహెమ్యాకు ముగ్గురికీ అంతే. నెబుకద్నెజరు క్రీ.పూ. 605 నాటి నుంచీ యెరూషలేము నుంచి రాజవంశపు కుర్రాళ్లను ఏరుకుని తీసుకెళ్లింది అందుకే. అందం చూశారు, చదువు చూశారు. మూడేళ్లు కల్దీయుల భాషా విద్యా నేర్పారు, పేర్లు మార్చారు. హనన్యా షద్రకయ్యాడు, అజర్యా అబేద్నెగో అయ్యాడు. బబులోను తవ్వకాల్లో బత్తెం లెక్కలు రాసిన మట్టిపలకలు దొరికాయి. యూదా రాజు యెహోయాకీనుకూ అతని అయిదుగురు కొడుకులకూ ఎంత నూనె ఇవ్వాలో వాటి మీద ఉంది. ఓడిన రాజును చంపకుండా నూనె కొలిచి పోసిన సామ్రాజ్యం అది. అన్నం పెట్టి కట్టేసుకోవడం దాని పద్ధతి.

పెదనాన్న: చూశావా, దానియేలు ఎందుకు గొప్పవాడో నువ్వే చెప్పావు. ఆ అన్నమే వద్దన్నాడు! రాజుగారి భోజనం, రాజుగారి ద్రాక్షరసం వద్దు, పదిరోజులు కూరగాయలూ నీళ్లూ ఇచ్చి చూడమన్నాడు. పేరు మార్చినా ఊరుకున్నాడు. చదువు చదివాడు. కొలువు చేశాడు. ఒక్క గీత దగ్గర ఆగాడు, అది కంచం. రాజు బల్ల దగ్గర బతికినంతకాలం తిన్నది యెహోయాకీను. ఆ తిండి ముట్టనిది అతని ప్రజల్లో ఒక కుర్రాడు.

అక్క: ఆ పోలిక ఎంత బాగుంది పెదనాన్నా. పండితుల్లో చాలామంది ఒకటంటారు, మీకు నచ్చకపోవచ్చు. దానియేలు గ్రంథం ఇప్పుడున్న రూపానికి వచ్చింది క్రీ.పూ. 160ల్లో, అంతియొకసు రాజు పెట్టిన హింస నాళ్లలో అని. అప్పుడు యూదుల్ని పందిమాంసం తినమని హింసించారు. అలాంటి ఇంట్లో రాత్రిపూట తల్లి పిల్లలకు కంచం వద్దన్న నలుగురు కుర్రాళ్ల కథ చెప్పిందంటే...

పెదనాన్న: తేదీ నేనొప్పుకోను. తల్లి చెప్పి ఉంటుందన్నది ఒప్పుకుంటాను.

ఇద్దరూ ఇక్కడ మొదటిసారి నవ్వుకున్నారు. పెద్దమ్మ టీ తెచ్చింది. స్టేషన్లో ఏదో గూడ్సు బండి ఆగి కదిలింది. టీ అయ్యాక పెదనాన్న కిటికీ మాటెత్తారు.

పెదనాన్న: బబులోను పడిపోయింది క్రీ.పూ. 539లో. దానియేలుకు అప్పటికి ఎనభై దాటి ఉండాలి. దర్యావేషు రాజ్యమంతటి మీద నూట ఇరవై మంది అధిపతుల్ని, వాళ్లమీద ముగ్గురు ప్రధానుల్ని పెట్టాడు, ఆ ముగ్గురిలో ఒకడు దానియేలు. తోటివాళ్లు అతని లెక్కలన్నీ తవ్వి చూశారు. ఒక్క తప్పు దొరకలేదు. అది చాలు నాకు! ముప్పై ఏళ్లు రెవెన్యూ ఆఫీసులో కూర్చున్నవాడికి ఆ వాక్యం విలువ తెలుస్తుంది. చివరికి ప్రార్థన మీదే చట్టం తెచ్చారు. అతను కొత్తగా ఏమీ చేయలేదు. ఎప్పట్లాగే మేడగదిలో యెరూషలేము వైపు కిటికీ తెరిచి రోజుకు మూడుసార్లు మోకరించాడు. తలుపు వేసుకుని చేసుకోవచ్చుగా? వేసుకోలేదు.

అక్క: ఆ కిటికీ నాకూ ఇష్టమే.

పెదనాన్న: నీకు ఒక సంగతి చెబుతాను. మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఒక ముసలమ్మ రెండెకరాల చెలక. పహాణీలో ఇంకొకరి పేరు రాసి, వెనక తేదీ వేసి సంతకం పెట్టమన్నాడు పై అధికారి. నేను ధైర్యవంతుణ్ణి కాను. ఎదురు చెప్పలేదు. ఆ ఫైలు నా బీరువాలోనే పెట్టుకున్నాను. నెల, రెండు నెలలు. రోజూ పిలిచేవాడు, రోజూ ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. చివరికి ఇంకో మండలానికి మార్చేశారు. ఆ రోజుల్లో నాకు రాత్రిపూట నిద్ర పట్టించింది దానియేలు.

అక్క: ఆ పొలం ఏమైంది పెదనాన్నా?

చాలాసేపటికి గాని జవాబు రాలేదు.

పెదనాన్న: నా తర్వాత వచ్చినాయన పెట్టేశాడు సంతకం.

ఎవరమూ మాట్లాడలేదు. తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఎప్పుడు వచ్చాడో తెలియదు. అక్క ఆయన చెయ్యి పట్టుకుంది. అంతకుముందు దాకా గెలవాలని మాట్లాడిన గొంతు పోయింది.

అక్క: మీరు చేసింది చిన్నది కాదు. పెళ్లీడు పిల్లల్ని పెట్టుకుని అది చేశారు. కానీ దానియేలు కథలో నేను వెతికేది కూడా అదే, పెదనాన్నా. చెయ్యి మురికి కాకుండా చూసుకోవడం సగం. మిగతా సగం కూడా ఆ గ్రంథంలో ఉంది, మనం చెప్పం. రెండో అధ్యాయంలో కల చెప్పలేదని బబులోను జ్ఞానులందర్నీ నరకమన్నాడు రాజు. వాళ్లు దానియేలుకు చుట్టాలు కారు, మతస్థులు కారు, పోటీదారులు. కల మర్మం తెలిశాక, చంపబోయిన అధికారితో అతను మొదట చెప్పిన మాట, వాళ్లను చంపొద్దని. నాలుగో అధ్యాయంలో నెబుకద్నెజరు ముఖం మీదే చెప్పాడు, నీ పాపాలు పోవాలంటే బీదల మీద జాలి చూపమని. సింహాల గుహ కంటే అక్కడే ఎక్కువ ధైర్యం కావాలనిపిస్తుంది నాకు. గుహలోకి తోయించుకోవడం మన చేతుల్లో లేదు. రాజు భవనంలో బీదల మాటెత్తడం మన చేతుల్లో ఉంది.

పెదనాన్న: దాన్ని నేను ప్రవచనం అనుకుని చదివాను. సలహా అనుకోలేదు.

అక్క: సింహాల గుహ కథ చివర్లో కూడా ఒకటుంది. కొండెం చెప్పినవాళ్లనే కాదు, వాళ్ల పెళ్లాలనూ పిల్లలనూ గుహలో వేయించాడు రాజు. దానియేలు ఏమన్నాడో రాయలేదు. సండే స్కూల్లో సింహం బొమ్మకు రంగులేసిన పిల్లలకు ఆ వచనం చెప్పం.

పెదనాన్న: పిల్లలకు ఎలా చెప్తావమ్మా.

అక్క: పిల్లలకు వద్దు. పెద్దవాళ్లకు?

ఎస్తేరు ప్రస్తావన కూడా వచ్చింది, ఎక్కువసేపు నిలవలేదు. మా ఇళ్లల్లో ఎస్తేరు రాణిలు ఎంతమందో. ఆ గ్రంథం మొదటి వచనంలోనే హిందూదేశం పేరుంటుంది, నూట ఇరవై ఏడు సంస్థానాలకు అది ఒక అంచు. దేవుని పేరు మాత్రం హెబ్రీ మూలంలో ఒక్కచోటా రాదు. రాజు పిలవకుండా లోపలికి వెళితే చావే అని తెలిసీ వెళ్లిన పిల్లను ఇద్దరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత యూదుల చేతిలో చచ్చినవాళ్ల లెక్క, డెబ్బై అయిదు వేలు, అక్కకు మింగుడుపడలేదు. యూదుల్ని చంపమని అప్పటికే రాజముద్ర పడిన ఆజ్ఞను మాదీయుల, పారసీకుల చట్టం ప్రకారం కొట్టేయలేరు గనక ఎదురు ఆజ్ఞ తేవలసి వచ్చిందన్నారు పెదనాన్న. ఎస్తేరును పెంచిన మొర్దెకై రాజు తర్వాత రాజంతటివాడైన చివరి అధ్యాయం మొదలయ్యేదే రాజు దేశం మీదా ద్వీపాల మీదా పన్ను వేయడంతో అని అక్క చూపించింది. ఆయన బైబిలు తెరిచి చూసుకుని తలూపారు.

పెదనాన్న: అయితే నువ్వనేదేంటి? పరాయి రాజు కొలువే వద్దంటావా? యిర్మీయా బబులోను చెరలోని వాళ్లకు ఏమని ఉత్తరం రాశాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, ఆ పట్నం బాగుండాలని ప్రార్థించండి అని కదా.

అక్క: రాశాడు. అదే యిర్మీయాకు బబులోను సేనాని నెబూజరదాను సంకెళ్లు తీయించి, నాతో బబులోనుకు రా, నిన్ను బాగా చూసుకుంటాను అన్నాడు. 40వ అధ్యాయం. అతను పోలేదు. కూలిపోయిన దేశంలో బీదజనంతో ఉండిపోయాడు. మోషే ఫరో కూతురి ఇంట్లో పెరిగి, బయటికెళ్లి తనవాళ్ల బరువులు చూసి, ఇక ఆ ఇంట్లో బతకలేకపోయాడు. వాళ్ల మీద కృతజ్ఞతా కూడికలు పెట్టం. పైకి రావడమే దీవెన అని పిల్లలకు నేర్పితే, పైకి రాని నమ్మకస్థుణ్ణి చూసి ఏమనుకుంటారు? ఆ ముసలమ్మ కూడా నమ్మకంగానే ప్రార్థన చేసి ఉంటుంది.

పెదనాన్న: పైకి వచ్చినవాడిని తక్కువ చేయకు. నువ్వూ నేనూ చదువుకున్నాం, ఈ ఊళ్లో కూర్చుని ఇలా వాదించుకుంటున్నాం. దాని వెనక ఎవరున్నారు? అజరయ్యగారు. అజర్యా పేరే కదా ఆయనది, అగ్నిగుండంలో నిలబడినవాడి పేరు. తిరునెల్వేలి వైపు నుంచి 1909లో ఇక్కడికొచ్చాడు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయ్యాడు, తెల్లవాళ్ల ఏలుబడి రోజుల్లో, తెల్లవాళ్ల సంఘంలో. మాల మాదిగ పల్లెల్లో తిరిగాడు. 1939లో ప్రతిష్ఠించిన ఆ గుడి చూడు, దేవాలయాల స్తంభాలు, మసీదుల గుమ్మటాలు కలిసి ఉంటాయి. అధికారంలో ఉన్నవాడే కట్టగలిగాడు దాన్ని.

అక్క: ఆయన బిషప్ కాకముందు, 1910లో, ఎడిన్‌బరోలో అంతమంది మిషనరీల ముందు నిలబడి ఏం అడిగాడు? మీరు మాకు చాలా ఇచ్చారు, మాతో స్నేహం మాత్రం చేయలేదు, అది ఇవ్వండి అన్నాడు. వాళ్ల మధ్య నిలబడే చెప్పాడు. నాకు కావలసిన అజర్యా అతను. గౌరవిస్తాను పెదనాన్నా, ఆ గుడి మెట్ల మీద పెరిగినదాన్ని. పైకి రావద్దనడం లేదు నేను. వచ్చినవాడు కింద ఉన్నవాళ్ల అన్నం ఏం చేశాడో అడుగుతున్నాను. మొత్తం బైబిల్లో ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పిన ఉద్యోగి ఒక్కడే నాకు తెలుసు.

పెదనాన్న: నెహెమ్యా.

అక్క: నెహెమ్యా.

ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ఆ తర్వాత ఎవరు వాదిస్తున్నారో ఎవరు ఒప్పుకుంటున్నారో చెప్పడం కష్టమైంది. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకున్నారు.

పెదనాన్న: షూషను కోటలో అర్తహషస్త రాజుకు గిన్నె అందించేవాడు. రాజు ప్రాణం అతని చేతిలో ఉన్నట్టే. కిస్లేవు నెలలో యెరూషలేము గోడలు కూలి ఉన్నాయని సోదరుడు హనానీ చెప్పాడు. రాజును అడిగింది నీసానులో. నాలుగు నెలలు నోరు మెదపలేదు. ఆ ఓర్పు ఉద్యోగం చేసినవాడికే తెలుస్తుంది. పైగా యెరూషలేము కట్టొద్దని అంతకుముందు ఆజ్ఞ ఇచ్చింది అదే రాజు, ఎజ్రా నాలుగులో ఉంది. సొంత ఆజ్ఞను మార్చుకోమని రాజును అడగాలి. భయపడ్డానని తనే రాసుకున్నాడు. మనసులో ప్రార్థన చేసుకుని, సెలవు అడిగాడు, ఉత్తరాలు అడిగాడు, అడవి అధికారి ఆసాపు దగ్గర్నుంచి మానులు అడిగాడు. అది రాజు ఇరవయ్యో ఏడు, క్రీ.పూ. 445. గోడ యాభై రెండు రోజుల్లో లేచింది.

అక్క: గోడ సంగతి అందరూ చెబుతారు. అయిదో అధ్యాయం చెప్పండి.

పెదనాన్న: నువ్వు చెప్పు, నీకది కావాలి.

అక్క: గోడ కడుతుండగానే జనం, ఆడవాళ్లతో సహా, గోల పెట్టారు. కరువులో గింజల కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టామన్నారు. రాజు పన్ను కట్టడానికి అప్పు చేశామన్నారు. కొడుకుల్నీ కూతుళ్లనీ బానిసలుగా ఇవ్వాల్సి వచ్చింది, కొందరు కూతుళ్లు అప్పటికే పోయారన్నారు. నలభై ఏడో అధ్యాయం మళ్లీ మొదటికొచ్చింది, చూశారా! గింజ, పొలం, ఒళ్లు. వరస కూడా అదే. ఈసారి కుర్చీలో ఉన్నవాడు ఏం చేశాడు? పెద్దమనుషుల్ని పిలిపించి సభ పెట్టాడు. అక్కడ ఒక మాట ఉంది, నేను దాన్ని దాటి పోలేను. నేనూ నా బంధువులూ కూడా అప్పులిచ్చాం అన్నాడు. తనను కలుపుకున్నాడు ఆ తప్పులో. ఈ వడ్డీ మానేద్దాం, పొలాలు ఇవాళే తిరిగి ఇచ్చేయండి, నూరో వంతు కూడా వదిలేయండి అన్నాడు.

పెదనాన్న: నూటికి ఒకటి. నెలకు అని వ్యాఖ్యాతలు అంటారు. మన నూటికి రూపాయి వడ్డీయే. ఊళ్లో న్యాయమైన వడ్డీ అనుకుంటాం దాన్ని.

అక్క: అదీ వదలమన్నాడు. ఒడి దులిపి చూపించాడు, మాట తప్పినవాణ్ణి దేవుడు ఇలా దులిపేస్తాడని. ఇక తన కంచం సంగతి. పన్నెండేళ్లు అధికారిగా ఉన్నాడు, రాజు ముప్పై రెండో ఏటి దాకా. ముందున్న అధికారులు రొట్టె, ద్రాక్షరసం కాక నలభై తులాల వెండి వసూలు చేసేవాళ్లు. ఇతను అధికారికి రావలసిన భోజనం ఒక్కరోజూ పుచ్చుకోలేదు. రోజూ ఒక ఎద్దు, ఆరు మంచి గొర్రెలు, కోళ్లు వండించి నూట యాభై మందికి తన బల్ల దగ్గర పెట్టాడు. జనం మీద బరువు అప్పటికే ఎక్కువగా ఉందని కారణం కూడా రాశాడు. దానియేలు రాజు అన్నం వద్దన్నాడు తన శుద్ధి కోసం. ఇతను వద్దన్నది ఆ అన్నం జనం దగ్గర్నుంచి వస్తుంది కాబట్టి.

పెదనాన్న: ఇది బాగుంది. కానీ నీ ప్రశ్న నేనే నీకు వేస్తాను. జనం గోల పెట్టినవాటిలో రాజు పన్ను ఉంది. నెహెమ్యా వడ్డీ ఆపాడు, తాకట్టు విడిపించాడు. రాజు పన్ను తగ్గించాడా?

అక్క: లేదు.

పెదనాన్న: తగ్గించలేడు. ఆ గిన్నె అందించిన చేతికి ఆ పన్ను మీద అధికారం లేదు. తొమ్మిదో అధ్యాయంలో జనం చేసిన ప్రార్థన చదువు. మా పితరులకు ఇచ్చిన దేశంలోనే మేం దాసులం, ఈ నేల పంటంతా మా మీద ఉన్న రాజులకు పోతోంది అని ఏడ్చారు. మనవాడే అధికారి. గోడ నిలబడింది. అయినా అలాగే ఏడ్చారు. అందుకే అంటున్నానమ్మా, ఏ ఉద్యోగి మీదా అంత బరువు పెట్టకు. యోసేపు మీదైనా, వీడి మీదైనా.

తమ్ముడి వైపు చూపించారు. వాడు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.

అక్క: మీరన్నది నిజం. వీడు చేయలేనివి చాలా ఉంటాయి. చేయగలిగింది బీరువాలో ఉండిపోకూడదని నా కోరిక. మీరు ఆ ఫైలు ఆపిన రెండు నెలల్లో ఆ ముసలమ్మకు కబురు చేసి ఉంటే, కలెక్టరుకు అర్జీ పెట్టుకో అని చెప్పి ఉంటే...

పెదనాన్న: అనుకున్నాను. ఆమె ఇల్లు ఆఫీసుకు మూడు మైళ్లు. సైకిలుంది నాకు. రెండుసార్లు బయలుదేరి వెనక్కొచ్చాను.

తమ్ముడు అప్పుడు నోరు విప్పాడు. "ఆమె పేరు గుర్తుందా నాన్నా?" అనడిగాడు.

పెదనాన్న పేరు చెప్పారు. ఊరి పేరు, సర్వే నంబరు కూడా చెప్పారు. ఇన్నేళ్ల తర్వాత.

చీకటి పడింది. పెద్దమ్మ దీపం వేసి కుటుంబ ప్రార్థనకు పిలిచింది. కొత్త ఉద్యోగస్థుడి కోసం దానియేలు ఆరు చదువుదామని పొద్దున్నే అనుకున్నాం, రిబ్బను అక్కడే ఉంది. పెదనాన్న రిబ్బను తీసేసి వెనక్కి తిప్పుకుంటూ వెళ్లారు, ఆదికాండం దాకా. కళ్లద్దాలు తుడుచుకుని పుస్తకం తమ్ముడి చేతికిచ్చారు.

"నలభై ఏడు. పదమూడో వచనం నుంచి చదువు. ఆపకుండా ఇరవై ఆరు దాకా. అది అయ్యాక నెహెమ్యా అయిదు."